నైట్రోజన్ వడకట్టిన గుడ్డ

మదనపల్లె కాలేజీలో ఫిజిక్సు చెప్పిన మేడమ్ పోయిందని నాకు ఎవరూ కబురు పెట్టలేదు. నాలుగో రోజున పుంగనూరు బస్టాండులో టీ తాగుతుంటే, వెనకటి కుప్పం బస్సు కండక్టరు కనిపించి చెప్పాడు.

"మన మేడమ్ పోయింది గదప్పా. మట్టి చేసేటప్పుడు నువ్వు కనపడలేదే?"

గుండె ఆగిందట. పేపర్లు దిద్దుతూ కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిందట. నేను గ్లాసు కింద పెట్టి మొదట అడిగిన మాట ఇది: "నా పుస్తకం యాడ పెట్టిందో ఎవరికన్నా చెప్పిందా?"

కండక్టరు నన్ను అదోలా చూశాడు. చూడనీ. ఆమె మీద నాకు తొమ్మిదేళ్ళుగా కోపం ఉంది. మనిషి పోయింది కదా అని దాన్ని మింగేసి, దేవత అనీ దీపం అనీ రాయడం నాకు చేతకాదు. ఈ జ్ఞాపకాల సంచిక వేస్తున్న కాలేజీ వాళ్ళు "నీకు గుర్తున్నది రాయి పెద్దాయనా" అన్నారు. నాకు గుర్తున్నది ఇదే. నేను ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. అక్షరం తప్పయితే దిద్దుకోండి. కోపాన్ని మాత్రం దిద్దవద్దు. దిద్దేటట్టయితే అసలు వేయనే వద్దు.

కోపం సంగతి ఇది. దగ్గర దగ్గర మూడేళ్ళు, శనివారం శనివారం, నేను మోసుకుపోయిన నైట్రోజన్‌తో మేడమ్ తన డాక్టరేటు పరిశోధన చేసింది. దాన్ని లావుపాటి పుస్తకంగా రాసింది. ఆ పుస్తకంలో నా నైట్రోజన్ శుభ్రంగా లేదని రాసింది.

ఎట్లా జరిగిందో మొదటినుంచీ చెబుతాను.

తొంభైల చివర్లో నేను పుంగనూరు పశువుల ఆస్పత్రిలో అటెండరును. ఆవులకు ఎద సూది వేస్తారు కదా, దానికి కావలసిన ఎద్దు వీర్యాన్ని సన్నటి గొట్టాల్లో పెట్టి, ద్రవ నైట్రోజన్ నింపిన క్యాన్‌లో ముంచి ఉంచుతారు. ఆ చల్లదనం ఐసు చల్లదనం లాంటిది కాదు. అందులో వేలు పెడితే వేలు మిగలదు. క్యాన్‌లు చూసుకోవడమే నా ఉద్యోగం. నైట్రోజన్ ఊరికే ఆవిరైపోతుంటుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే మూత తీసి, నల్లటి కొలత పుల్లను అడుగుదాకా దించి, పది లెక్కపెట్టి, పైకి తీసి గాలిలో ఊపాలి. పుల్ల ఎంత మేర మునిగిందో అంత మేర తెల్లగా మంచు పడుతుంది. ఎన్ని అంగుళాలు తెల్లబడితే అన్ని అంగుళాల నైట్రోజన్ ఉన్నట్టు. ఆ పుల్ల నా చేతిలో ఇరవై ఏళ్ళకు పైగా ఆడింది. నా చేతిలో ఒక్క క్యాన్ కూడా ఎండిపోలేదు, ఒక్క గొట్టం చెడిపోలేదు. పొట్టి పుంగనూరు ఆవులు ఆ పక్క పల్లెల్లో ఇంకా తిరుగుతున్నాయంటే అందులో నా పుల్ల వంతు కొంత ఉంది. గొప్పకు చెప్పడం లేదు. ఉన్న మాట.

ఒకరోజు మధ్యాహ్నం ఒకామె ఆస్పత్రి వరండాలోకి వచ్చి నిలబడింది. నూలు చీర, భుజాన గుడ్డసంచి, చేతిలో కాఫీ పోసుకునే ప్లాస్కు.

"ఆవు యాడ కట్టేసినావు మా?" అన్నాను.

"ఆవు లేదప్పా."

"బర్రెనా?"

"బర్రె కూడా లేదు. నాకు నైట్రోజన్ కావాల."

"ఎవరికి మా సూది?"

"సూది కాదప్పా. చుక్కలకి."

లోపల మా డాక్టరు గారు పడీపడీ నవ్వారు. ఆమె సంచిలోంచి కాగితం తీసి చూపించింది. పై ఆఫీసునుంచి అనుమతి తెచ్చుకునే వచ్చింది. నేను ప్లాస్కు చేతిలోకి తీసుకొని, "దీంట్లో పోసి మూత బిగిస్తే ఇది బాంబే. మొగం పోతాది. నైట్రోజన్‌కి మూత ఎప్పుడూ వదులుగానే ఉండాల. అది ఊపిరి తీసుకోవాల" అన్నాను. ఆమె వెంటనే చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకుంది. రాసి, "ఊపిరి తీసుకోవాల, అంతేనా?" అని మళ్ళీ అడిగి చూసుకుంది. నేను చెప్పింది ఒకరు రాసుకోవడం నా బతుకులో అదే మొదటిసారి.

ఆమె కాపురం మదనపల్లెలో, మిషన్ ఆస్పత్రి పక్కన ఉన్న ఇళ్ళల్లో. వాళ్ళమ్మ ఆ ఆస్పత్రిలోనే నర్సుగా చేసి పోయింది. మేడమ్ పెళ్ళి చేసుకోలేదు. వారమంతా కాలేజీలో పాఠాలు, ఆదివారం చర్చి, మిగిలింది శనివారం. ఆమెకు కావలసిన మెషీన్ కుప్పంలో ఒక కాలేజీ వెనక గదిలో ఉండేది. నైట్రోజన్ పుంగనూరులో, మెషీన్ కుప్పంలో, మనిషి మదనపల్లెలో. మా డాక్టరు గారు నాతో, "క్యాన్ నీ సంతకం మీద ఉండాది, కాబట్టి నువ్వు కూడా పో" అన్నారు. అట్లా మొదలైంది.

మదనపల్లెలో మొదటి బస్సుకు ఆమె ఎక్కేది. పుంగనూరులో నేను చిన్న క్యాన్ ఎత్తుకొని ఎక్కేవాణ్ణి. డ్రైవరు వెనక పాత స్కూటర్ టైరు పరిచి దాంట్లో క్యాన్ కూర్చోబెట్టేవాణ్ణి, కుదుపులకు ఒరగకుండా. మూతలోంచి తెల్లగా పొగ వచ్చేది. మొదటి వారం కండక్టరు విజిల్ ఊది బస్సు ఆపేశాడు.

"దిగప్పా దిగు! జనం ఇంజను కాల్తాండాదనుకొని కిటికీలోంచి దూకుతాండారు."

"కాలేది కాదన్నా. చలి," అంది మేడమ్.

"చలికి పొగెట్లా వస్తాది మేడమ్? నన్ను ఏమారుస్తాండావా?"

టమోటా గంపతో ముందు సీట్లో కూర్చున్న బైరెడ్డిపల్లె ఆమె ఒకతె వంగి చూసి, "సాంబ్రాణి మాదిరుండాది. లోపల సామేమన్నా ఉండాడా?" అని చేతులు జోడించింది. "సామి లేడు, పోయినవారం ఎద్దులుండినాయి" అన్నాను. బస్సంతా నవ్వింది. ఆ రోజునుంచి కండక్టరు నన్ను పొగప్ప అనే పిలిచాడు. మేడమ్ మాత్రం ఎప్పుడూ అప్పా అనే అంది.

పలమనేరులో బస్సు ఆగుతుంది. అక్కడ నేను మూత తీసి పుల్ల దించి చూసేవాణ్ణి, దారిలో ఎంత తగ్గిందా అని. బైరెడ్డిపల్లెలో ఒకసారి. వి.కోటలో ఒకసారి. కుప్పంలో దిగగానే ఇంకోసారి. నా సంతకం మీద ఉన్న సరుకు. చూసుకోకపోతే ఎట్లా?

ఇక ఆ చుక్కల సంగతి. నాకు అర్థమైనంత రాస్తాను. తప్పుంటే ఆమె చెప్పినదాంట్లో తప్పు లేదని, నాకు ఎక్కినదాంట్లో ఉందని అనుకోండి.

మొదటి రోజు గదిలో ఆమె బూడిదరంగు ముక్క ఒకటి చూపించింది. చిటికెన వేలి గోరంత ఉంది.

"దీంట్లో ఒక వరస చిన్న చుక్కలు, దాని పైన ఒక వరస పెద్ద చుక్కలు ఉండాయప్పా. మధ్యలో గోడ."

"నాకేం కనపడలా."

"నాకూ కనపడవు."

"కనపడని దానికా మా మూడు బస్టాండ్లు దాటి వచ్చింది?"

"అవునప్పా," అంది నవ్వకుండా.

ఆ చుక్క ఒక గుంత లాంటిదట. ఎలక్ట్రాన్ అనేది ఆ గుంతలో పడి కాసేపు ఉండి, కాస్త వెలుతురు ఇచ్చి అణిగిపోతుందట. చిన్న గుంతలో పడినది ఒక రకం వెలుతురు, పెద్ద గుంతలో పడినది ఇంకో రకం. రెండూ మన కంటికి ఆనవు. మెషీన్‌కే తెలుస్తాయి. ఆమె ముక్కను నైట్రోజన్ నింపిన గాజు పాత్రలో ముంచి, దాని మీదికి ఎర్రటి లేజరు వెలుతురు వేసేది. మెషీన్‌కున్న పెన్ను కాగితం మీద రెండు గుట్టలు గీసేది, చిన్న చుక్కలది ఒకటి, పెద్ద చుక్కలది ఒకటి. ఇట్లాంటి ముక్కలు నాలుగు ఉన్నాయి. ఎక్కడో దూరాన పెద్ద సంస్థ వాళ్ళు చేసి పంపినవి. నాలుగింటికీ గోడ మందం తేడా. అన్నిటికంటే పలచటి గోడ ఎంతంటే, వెంట్రుకను పదివేల పాయలు చీలిస్తే అందులో ఒక పాయ కంటే సన్నం.

గోడ మందంగా ఉంటే రెండు గుట్టలూ నిలబడతాయి. గోడ పలచనయ్యే కొద్దీ చిన్న చుక్కల గుట్ట అణిగిపోతుంది. ఎందుకంటే చిన్న గుంతలో ఉన్న ఎలక్ట్రాన్ తన వెలుతురు ఇచ్చేలోపలే గోడ అవతలి పెద్ద గుంతలో ఉంటుంది. గోడకు కన్నం లేదు. ఎక్కి దూకేంత బలం దానికి లేదు. అయినా అవతల ఉంటుంది. దాన్ని టన్నెలింగ్ అంటారు. ఏ మందానికి ఎంత వేగంగా పోతుందో కనిపెట్టడమే ఆమె పని.

"గట్టు ఊట మాదిరి గదా" అన్నాను. మా బావి కింద మడికి గట్టు పలచనైతే పక్క మడిలోకి నీళ్ళు ఊరుతాయి.

"బాగుండాదప్పా పోలిక. కానీ ఊటకి మన్నులో సందులుంటాయి. దీనికి సందు కూడా లేదు." ఆమే మళ్ళీ, "పోలిక మన బస్సు మాదిరి. కొంతదూరమే వస్తాది. ఆడ దిగేసి నడవాల్సిందే" అంది.

"మరి అది పొయ్యేది ఎవరు సూసినారు?"

"ఎవరూ సూడలా. ఈడ వెలుతురు తగ్గుతాది, ఆడ పెరుగుతాది. దాన్ని బట్టి పోయిందంటాము."

"సూడకుండానే రాసేస్తారా?"

అప్పుడు ఆమె తన గ్రాఫు కాగితం చూపించింది. పెట్టిన ప్రతి గుర్తుకూ పైనా కిందా చిన్న నిలువు గీత ఉంది. "ఈ గీత ఎంత పొడుగుంటే అంత మేర నాకు తెలీదని అర్థం. అది కూడా రాయకపోతే అబద్ధం సెప్పినట్టే." ఆమె ఏ గుర్తుకూ ఆ గీత పెట్టకుండా వదలడం నేను చూడలేదు.

ఇంత చలి ఎందుకు అని కూడా అడిగాను. వేడిలో అవి అల్లాడతాయట, ఏ గుంతలోది ఏదో తెలియదట. చల్లబడితే కుదురుగా ఉంటాయట. అది నాకు వెంటనే అర్థమైంది. మా గొట్టాలదీ అదే కథ.

ఆమెకు కొన్ని అలవాట్లు ఉండేవి. చెప్పులు గది బయటే విడిచేది. బ్రెడ్డు ముక్కల మధ్య చెనిగ్గింజల పొడి పెట్టుకొని వచ్చేది, సగం నాకు పెట్టనిదే తినేది కాదు. మెషీన్ స్విచ్చి వేసే ముందు కళ్ళు మూసుకొని కాసేపు నిలబడేది. ఒకసారి "ప్రార్థనా మా?" అని అడిగాను. "కాదప్పా. పోయినవారం వచ్చింది మరిచిపొయ్యేదానికి. ఏం రావాలనో మనసులో పెట్టుకొని సూస్తే అదే కనపడతాది" అంది.

మొదటి రెండు ముక్కలూ బాగా వచ్చాయి. మూడో ముక్క పెట్టేసరికి వానలు పట్టాయి. పెన్ను వణకడం మొదలైంది. గుట్ట గీయాల్సిన చోట రంపం పళ్ళు గీసేది. ఒక శనివారం, రెండు, నాలుగు. ఆమె ఫ్యాను ఆపించింది. తలుపు కింద గుడ్డలు కుక్కింది. కుప్పం కరెంటు మీద అనుమానపడి ఎక్కడినుంచో స్టెబిలైజరు మోసుకొచ్చింది. లేజరు విప్పి మళ్ళీ బిగించింది. వాచ్‌మన్ ఊరుకోకుండా, "రామకుప్పం కాడ ఏనుగులు దిగినాయంట మేడమ్, భూమి అదురుతాండాదేమో" అన్నాడు. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "ఏ పూటప్పా దిగినాయి?" అని అడిగి, అది కూడా రాసుకుంది.

అంతలో ఆ పెద్ద సంస్థనుంచి ఉత్తరం వచ్చింది. క్రిస్మస్‌లోపల పని తేలకపోతే నాలుగు ముక్కలూ వెనక్కి పంపాలని. వేరే ఎవరో అడుగుతున్నారట. ఆ ఉత్తరాన్ని బస్సులో నాకు చదివి వినిపించి, మడిచి సంచిలో పెట్టుకుంది. ముక్కలు పోతే మూడేళ్ళ పని పోయినట్టే. ఆమె వయసుకు మళ్ళీ మొదలుపెట్టేది ఉండదు.

ఆ రోజే ఆమె గాజు పాత్ర పక్కన టార్చిలైటు పెట్టి చూసింది. "అప్పా, ఇట్లా రా" అంది. నేను వంగి చూశాను. నైట్రోజన్‌లో తెల్లటి రవ్వ తిరుగుతోంది. పైకి లేస్తుంది, లేజరు వెలుతురుకు అడ్డం వస్తుంది, కిందికి దిగుతుంది.

"మంచు. యాడిదో తేమ లోపలికి పోయింది," అంది. తరువాత నెమ్మదిగా, "దారిలో మూత తీస్తాండావా?" అని అడిగింది.

"తీయకుండా ఎట్లా? ఎంతుండాదో తెలియొద్దా?"

"పుల్ల తడిగా ఉంటాదా?"

నాకు కాలింది. "ఇరవై ఏండ్లుగా ఇదే పుల్ల మా! ఒక్క గొట్టం చెడిపోలా. ఒక్క దూడ వంకరగా పుట్టలా. నాకు పుల్ల పట్టుకునేది నేర్పిస్తాండావా?"

"గొట్టాలకి మంచు అడ్డం రాదప్పా. వెలుతురుకి అడ్డం."

"అయితే ఆ మంచు మా ఆస్పత్రికొచ్చే నైట్రోజన్ లారీలోంచే వచ్చింటాది. పోయి లారీవాణ్ణి అడుగు."

ఆమె సంచిలోంచి తెల్లటి నూలు గుడ్డ తీసింది. వాళ్ళమ్మ నర్సు చీర ముక్క అది, గాజు సామాను చుట్టి తెచ్చుకునేది. నాలుగు మడతలు వేసి, గరాటు మీద పరిచి, నా నైట్రోజన్‌ను దాంట్లోంచి వడపోసింది. నా ఎదురుగానే.

"టీ మాదిరి వడపోస్తావా మా నా నైట్రోజన్‌ని?" అన్నాను.

గుడ్డ అప్పడంలా బిగుసుకుపోయింది. దాని నడిమధ్యన పిండి పోసినట్టు తెల్లగా మంచు మిగిలింది. ఆమె దాన్ని నాకు చూపించలేదు. పక్కకు తిప్పి కిటికీ కమ్మీ మీద వేసింది. నేను చూశాను. స్విచ్చి వేసింది. పెన్ను వణకలేదు. గుట్ట గుట్టలా వచ్చింది.

మూడో ముక్కకు చిన్న గుట్ట సగం అణిగింది. నాలుగో ముక్కకు, అన్నిటికంటే పలచటి గోడకు, అది ఉందా లేదా అన్నట్టు ఒక చిన్న ఉబ్బు మాత్రం మిగిలింది. ఆ కాగితం బయటికి వచ్చినప్పుడు ఆమె కుర్చీలోంచి లేవలేదు, అరవలేదు. స్కేలు పెట్టి కొలిచి, పైనా కిందా గీత పెట్టి, "పోయిందప్పా. అంతా ఆ పక్కకే పోయింది" అంది. క్రిస్మస్‌కు ఇంకా పది రోజులు ఉన్నాయి. తిరుగు బస్సులో కండక్టరుకు బ్రెడ్డు ముక్క ఇచ్చి, "మీ పొగప్ప వల్లనే అయింది" అని చెప్పింది. అది నేను నా చెవులతో విన్నాను. అందుకే తరువాత జరిగింది నాకు ఎక్కువగా తగిలింది.

పుస్తకం టైపు చేసిన గుమాస్తా ఒకరోజు పుంగనూరులో కనిపించాడు. "నీ సంగతి కూడా ఉందిలే" అన్నాడు. ఏముంది అంటే, తెలుగులో చెప్పాడు: ద్రవ నైట్రోజన్‌లో మంచు రేణువులు కనిపించినందువల్ల నాలుగు మడతల నూలు గుడ్డతో వడకట్టడమైనది.

"నా పేరు?"

"నేను టైపు చేసిన దాంట్లో లేదప్పా. ముందు పేజీలు ఆమే చేసుకుంది. వాటిలో ఏముందో నాకు తెలీదు."

మూడేళ్ళ మోతకు ఆ ఒక్క వాక్యమా అనిపించింది. ఏనుగుల సంగతి కూడా అడిగి రాసుకున్న మనిషి. నేను చెప్పిన మొదటి మాటను రాసుకున్న మనిషి.

ఆ తరువాతి నెలలో ఆమె మొదటి బస్సు దిగి, న్యూస్‌పేపరు చుట్టిన పుస్తకంతో బస్టాండులో నా దగ్గరకు వచ్చింది. నీలం అట్ట, బంగారు రంగు అక్షరాలు.

"ఇదిగో అప్పా, నీ పుస్తకం."

"నాకు ఇంగ్లీషు రాదు."

"మొదటి కాగితం తెలుగులోనే రాసినాను. నా చేత్తో."

"నా నైట్రోజన్‌లో మంచుందని రాసినావంట?"

"ఉండింది గదప్పా."

"లారీలోంచి వచ్చిందని రాయాల్సింది."

"యాడినుంచి వచ్చిందో నేను రాయలేదు. నాకు తెలిసింది మంచు ఉండిందనే. మిగతాది నువ్వు సెప్పాల్సింది" అంది.

బస్సు హారన్ కొట్టింది. కండక్టరు ఫుట్‌బోర్డు మీదనుంచి, "తీసుకో పొగప్పా, పుస్తకమేమన్నా కరుస్తాదా?" అని అరిచాడు. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. వద్దన్నాను.

"సరే," అంది మేడమ్. "నీ పేరు రాసేసినాను కాబట్టి ఇంకొకరికి ఇచ్చేది కుదరదు. నా బీరువాలో ఉంటాది. ఎప్పుడు కావాలన్నా రా."

నేను పోలేదు.

మూడేళ్ళ కిందట మదనపల్లెలో నా కంటికి ఆపరేషన్ అయింది. ఎవరు చెప్పారో, పాలు, బ్రెడ్డు తీసుకొని వచ్చింది. జుట్టు బాగా నెరిసింది. పక్కన స్టూలు మీద కూర్చొని, పొట్టి ఆవుల సంగతి అడిగింది, నా రిటైర్మెంటు సంగతి అడిగింది. పోయేటప్పుడు, "పుస్తకం తెచ్చేదా? కన్ను బాగవుతాది గదా, సదువుకోవచ్చు" అంది.

"కట్టు విప్పనీ మా, సూద్దాం."

"నీ కోపానికి పైనా కిందా ఎంత గీత పెట్టాలప్పా?"

నాకు నవ్వు వచ్చింది. నవ్వాను కూడా. తెమ్మని మాత్రం చెప్పలేదు. కట్టు విప్పారు, నేను ఊరికి వెళ్ళిపోయాను. ఇంకోసారి వచ్చినప్పుడు అడుగుదామనుకున్నాను.

కండక్టరు చెప్పిన తరువాతి ఆదివారం నేను మదనపల్లె పోయాను. చర్చి ఆవరణలో ఆమెకోసం ప్రార్థన పెట్టారు. ఆమె చెల్లెలు నన్ను గుర్తుపట్టి, "నైట్రోజన్ అన్నవు నువ్వే గదా?" అంది. పుస్తకం అడిగాను. "అక్క బీరువాలోవన్నీ కాలేజీకే ఇచ్చేసినామన్నా. మూడు పెట్టెలు తీసకపోయినారు" అంది. మరునాడు కాలేజీకి పోతే, పెట్టెలు ఇంకా లెక్కకు ఎక్కించలేదనీ, గదికి తాళం వేసి ఉందనీ, తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడనీ చెప్పారు. ఈ సంచికకు రాయమన్నది అప్పుడే. సరే, రాశాను.

ఇంతదాకా చదివినవాళ్ళకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నేను కూడా జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఆ మంచు లారీది కాదు. నాది. పుల్ల తీసినప్పుడల్లా దాని మీద మంచు కరిగి తడిసేది. తడి గోనెసంచికి అటూ ఇటూ తుడిచి, వాన గాలిలో పెట్టుకొని, మళ్ళీ అదే పుల్ల దించేవాణ్ణి. దారిలో నాలుగు చోట్ల. తగ్గిపోతుందేమోనన్న భయంతో నేను చూసిన ప్రతిసారీ లోపలికి ఇంత తేమ పంపించాను. గుడ్డ మీద తెల్లగా మిగిలింది చూసినరోజే నాకు తెలిసిపోయింది. ఆ తరువాతి శనివారం నుంచి నేను దారిలో మూత తీయలేదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు. ఆమెకు మాత్రం తెలిసే ఉంటుంది, ఎందుకంటే తరువాత గుడ్డలో మంచు మిగల్లేదు. అయినా ప్రతివారం వడపోసింది, ప్రతివారం గుడ్డను పక్కకు తిప్పి ఆరేసింది. నన్ను ఒక్క మాట అడగలేదు. నేను చెప్పాల్సిన చోటును ఖాళీగా ఉంచి, తొమ్మిదేళ్ళు ఆగింది.

ఆమె రాసిన వాక్యం నిజం. దానికి పక్కన నేను చెప్పాల్సింది ఇప్పుడు చెప్పాను. ఇక నాకు రావలసింది నాకు రావాలి.

కాలేజీ వాళ్ళను అడుగుతున్నాను. మీ గదిలో ఉన్న మూడు పెట్టెల్లో నీలం అట్ట పుస్తకం ఒకటి ఉంటుంది. అట్టలోపలి మొదటి కాగితం మీద తెలుగులో, ఆమె చేతిరాతతో నా పేరు ఉంటుంది. దాని కింద ఏం రాసిందో నాకు తెలియదు. మెచ్చుకుందో, తిట్టిందో, రెండూ చేసిందో. ఏది రాసినా అది నాకు రాసింది. లైబ్రరీ లెక్కకు ఎక్కించడానికి వీల్లేదు, ముద్ర వేయడానికి వీల్లేదు. ఆమే చెప్పింది, ఇంకొకరికి ఇచ్చేది కుదరదని.

జూలై నెల మూడో శనివారంలోపల పెట్టెలు తెరిచి, ఉందో లేదో తేల్చండి. ఆ రోజు పుంగనూరు నుంచి మొదటి బస్సుకు వస్తాను. పది గంటలకు మీ ఆఫీసు బల్ల ముందు నిలబడతాను. తాళంచెవి సెలవులో ఉందనే మాట ఆ రోజు వినను.

పుస్తకం చుట్టుకోవడానికి న్యూస్‌పేపరు వెతకవద్దు. కుప్పంలో ఆఖరి రోజున ఆమె ఆ గుడ్డను కిటికీ కమ్మీ మీదనే మరిచిపోయి వచ్చేసింది. నేను మడిచి జేబులో పెట్టుకున్నాను. నాలుగు మడతలు, అట్లాగే ఉన్నాయి. ఉతికి, ఆరేసి, తెస్తాను.